నాలుగు లీటర్లా, లీటరున్నరా? గుండెకు ఎన్ని నీళ్లు కావాలి

ప్రశ్న: మా ఇంట్లో నీళ్ల దగ్గర రోజూ గొడవే. మావారికి 52 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. అందులో ఒకటి ఒంట్లో నీరు తీసే మాత్ర. రోజుకు 4 లీటర్లు తాగితే రక్తం పలచబడి గుండెపోటు రాదని ఎక్కడో చదివారు. పగలంతా పనిలో పడి మర్చిపోతారు. సాయంత్రం ఇంటికొచ్చాక లెక్క పూర్తి చేయాలని లీటరు సీసాలు వరసగా ఖాళీ చేస్తారు. పడుకునేముందు గ్లాసు నీళ్లు తాగితే నిద్రలో గుండెపోటు రాదట, అదీ మానరు. మా మామయ్యగారికి 74. గుండె పంపింగ్ తక్కువగా ఉంది, నీళ్లు, టీ అన్నీ కలిపి లీటరున్నర దాటొద్దని డాక్టర్ చెప్పారు. మావారేమో "అంత తక్కువైతే ఎలా నాన్నా" అంటూ బలవంతంగా తాగిస్తున్నారు. ఎవరి మాట వినాలి? నా సంగతి పెద్దదేం కాదు గానీ, మధ్యాహ్నం మూడు దాటితే గుండె దడగా ఉంటుంది, కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరిగినట్టు అవుతుంది. ఆఫీసులో టాయిలెట్ బాగుండదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాదాపు నీళ్లు ముట్టను. నాకు 44. ఈసీజీ తీయించుకోవాలా?

– ఒక పాఠకురాలు

సమాధానం: మామయ్యగారి విషయంలో డాక్టర్ మాటే వినండి, ఈ రోజు నుంచే. మీవారు ఆయన చేత నీళ్లు తాగించడం ఆపాలి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీరు "పెద్దదేం కాదు" అంటూ చివరికి తోసేసిన విషయం చూద్దాం. ఎందుకంటే మీ ముగ్గురిలో నీళ్లు సరిపోక గుండెకు పని పెరుగుతున్నది బహుశా మీకే.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగం కంటే కాస్త ఎక్కువ ప్లాస్మా అనే ద్రవం. ఆ ప్లాస్మాలో 90 శాతం దాకా నీరే. ఊరికే కూర్చున్నప్పుడు గుండె ఒక్కో స్పందనకు దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి పంపుతుంది. నిమిషానికి 70 స్పందనలు అనుకుంటే, నిమిషానికి 5 లీటర్ల దాకా వచ్చింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సిరల ద్వారా గుండెలోకి ఎంత రక్తం తిరిగొస్తే అంతే అది బయటికి పంపగలదు. పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు, చెమట రూపంలో, ఊపిరి రూపంలో నీరు పోతూనే ఉంది. అప్పుడు ప్లాస్మా తగ్గి, గుండెకు తిరిగొచ్చే రక్తం కూడా తగ్గుతుంది. స్పందనకు 70 బదులు 60 మిల్లీలీటర్లే వెళ్తున్నాయనుకోండి, అదే 5 లీటర్లు అందించాలంటే గుండె నిమిషానికి 83 సార్లు కొట్టుకోవాలి. మూడు దాటాక మీకు తెలిసే దడ ఇదే అయ్యుండొచ్చు.

కళ్లు తిరగడం కూడా దీనికి సంబంధించినదే. కూర్చున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్ట కింది భాగంలోకి జారుతుంది. మెడలోని ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొనలు ఉంటాయి. అవి వెంటనే మెదడుకు కబురు పంపుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది, మనకు ఏమీ తెలియకుండానే అంతా సర్దుకుంటుంది. రక్తంలో నీరు తక్కువగా ఉన్నరోజు ఈ సర్దుబాటుకు కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. ఆ కొన్ని సెకన్లే కళ్ల ముందు చీకట్లు.

మీ ఇంట్లో బీపీ మిషన్ ఉండే ఉంటుంది కాబట్టి ఒక పని చేయండి. సెలవు రోజు కాకుండా, మామూలుగా ఆఫీసుకు వెళ్లొచ్చిన రోజు సాయంత్రం, నీళ్లు తాగకముందే ఐదు నిమిషాలు పడుకుని బీపీ, నాడి చూసుకోండి. తర్వాత లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, నిలబడ్డప్పుడు బీపీ నిలవడం లేదన్నమాట. ఆ అంకెలు రాసి పెట్టుకోండి, డాక్టర్‌కి పది మాటల కంటే అవే ఎక్కువ చెబుతాయి.

టాయిలెట్ బాగుండని చోట పనిచేసే మనిషికి "నీళ్లు బాగా తాగండి" అని చెప్పి ఊరుకోవడం సలహా కాదు. మీలాగే గొంతు ఎండబెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు ఎంతోమంది. మీతో పాటు పనిచేసే మిగతావాళ్లను కలుపుకుని టాయిలెట్ సంగతి పైవాళ్ల దగ్గర గట్టిగా అడగండి. నలుగురూ కలిసి అడిగితే అది మీ ఒక్కరి ఫిర్యాదుగా మిగిలిపోదు. ఈలోపు నీళ్లు తాగే వేళలు మార్చుకోవచ్చు. ఎక్కువగా తాగిన నీరు గంట, రెండు గంటల్లో మూత్రంగా బయటికొస్తుంది. అందుకని లేవగానే గ్లాసున్నర తాగండి, ఆఫీసుకు బయల్దేరేముందు బాత్రూమ్‌కి వెళ్లిరండి. ఆఫీసులో గంటకోసారి నాలుగైదు గుక్కలు చాలు. అలా కొద్దికొద్దిగా తాగిన దాంట్లో చాలా భాగం ఊపిరికీ చెమటకూ పోయే నీటిని పూడ్చడానికే సరిపోతుంది, పరుగెత్తాల్సిన పని పెద్దగా ఉండదు. భోజనంతో ఒక గ్లాసు. ఇంటికి బయల్దేరే గంట ముందు ఇంకో గ్లాసు. పది రోజులు ఇలా చేసి, రోజూ మూడు గంటలకు ఒక నిమిషం నాడి లెక్కపెట్టుకోండి.

ఇక ఈసీజీ. తీయించుకోండి, ఖర్చు దండగ అనుకోవద్దు. అయితే మీ వయసులో దడ, కళ్లు తిరగడం ఉంటే నేను ఈసీజీ కంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమంటాను. నెలసరిలో రక్తస్రావం ఎక్కువై రక్తహీనత వచ్చినా అచ్చం ఇలాగే ఉంటుంది. అప్పుడు ఎన్ని నీళ్లు తాగినా దడ తగ్గదు. నీళ్లకు బదులు కాఫీ, టీలతో పొద్దు గడుపుతుంటే ఆ దడలో వాటి వాటా కూడా ఉండొచ్చు. రెండు మూడు కప్పులతో ఒంట్లో నీరు తగ్గిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, అందులో ఉన్నది చాలావరకు నీరే. దడ ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగుతున్నా, కొట్టుకోవడంలో లయ తప్పినట్టు తెలుస్తున్నా, స్పృహ తప్పినా, ఛాతీలో బరువు, ఆయాసం తోడైనా పది రోజులు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

మీవారి 4 లీటర్ల సంగతికి వద్దాం. ఆయన పూర్తిగా తప్పు విన్నారని అనను. నీళ్లు తగినన్ని తాగేవాళ్ల గుండెలు కాస్త మెరుగ్గా ఉన్నాయని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో 20 వేల మందిని ఆరేళ్లు గమనించి 2002లో ఒక లెక్క ప్రచురించారు. రోజుకు ఐదు గ్లాసులు, అంతకంటే ఎక్కువ నీళ్లు తాగేవాళ్లలో గుండెజబ్బు మరణాలు, రెండు గ్లాసులు, అంతకంటే తక్కువ తాగేవాళ్ల కంటే బాగా తక్కువగా కనిపించాయి. అమెరికాలోనే 11 వేల మందికి పైగా నడివయసువాళ్లను 25 ఏళ్లు గమనించిన ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో వాళ్లు నీళ్లను కొలవలేదు, రక్తంలోని సోడియం చూశారు. నీరు తగ్గితే ఆ సోడియం సాంద్రత పెరుగుతుంది కాబట్టి. నార్మల్ అని రిపోర్టులో వచ్చే 135–146 పరిధిలోనే ఉన్నా, 143 నుంచి పైన ఉన్నవాళ్లలో తర్వాతి కాలంలో గుండె బలహీనపడే ముప్పు 39 శాతం ఎక్కువగా తేలింది.

దీనికి ఒక కారణం కూడా ఊహించారు. ఒంట్లో నీరు కాస్త తగ్గినా మెదడు వేసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి. మరీ తగ్గితే రెనిన్, యాంజియోటెన్సిన్ అనేవి రంగంలోకి దిగి రక్తనాళాలను బిగిస్తాయి. ఒకటి రెండు పూటలకు ఇది మనల్ని కాపాడే ఏర్పాటే. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే గుండె కండరానికి మంచిది కాకపోవచ్చు. బీపీకి ఇచ్చే మాత్రల్లో చాలా రకాలు పనిచేసేది ఈ యాంజియోటెన్సిన్ మీదే, అడ్డుకోవడానికే.

కానీ పై రెండు పరిశోధనలూ మనుషుల్ని గమనించి చెప్పిన లెక్కలే. కొందరికి ఎక్కువ నీళ్లు, కొందరికి తక్కువ ఇచ్చి పోల్చినవి కావు. నీళ్లు బాగా తాగేవాళ్లు కూల్‌డ్రింకులు తక్కువ తాగుతారు, నడుస్తారు, పొగ మానేసి ఉంటారు. ఆ మంచి అంతా నీళ్ల ఖాతాలో పడిపోయి ఉండొచ్చు. అందుకే నేను వీటి నుంచి తీసుకునేది ఒకటే: నీళ్లు తక్కువ కాకుండా చూసుకోవాలి. అవసరానికి మించి తాగితే గుండెకు అదనపు రక్షణ వస్తుందని ఈ రెండిట్లో ఎక్కడా లేదు.

రక్తం పలచబడటం అన్నారు కదా. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు రక్తాన్ని అలా పలచబడనివ్వవు. ఎక్కువైన నీరు ఏదైనా బయటికి పంపేస్తాయి. అందరూ రక్తం పలచన చేసే మాత్రలు అనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా రక్తం చిక్కదనాన్ని మార్చవు. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. కాబట్టి నీళ్లు వాటికి ప్రత్యామ్నాయం కాదు. మీవారికి అలాంటి మాత్ర ఏదైనా రాసి ఉండి, నీళ్లు తాగుతున్నాను కదా అని మానేస్తే మాత్రం చాలా ప్రమాదం. ఒకసారి కనుక్కోండి.

మరి ఎంత తాగాలి? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఇచ్చిన అంచనా మగవాళ్లకు రోజుకు 2.5 లీటర్లు, ఆడవాళ్లకు 2 లీటర్లు. ఇది తినే తిండిలోని నీటితో కలిపి. తిండి నుంచి వచ్చేది ఐదో వంతు అనుకుంటే, మీవారు తాగాల్సింది సుమారు 2 లీటర్లు, మీరు 1.6 లీటర్లు. అందులో కాఫీ, టీ కూడా లెక్కే. ఎండలో పనిచేసినా, చెమట బాగా పట్టినా, జ్వరం ఉన్నా పెరుగుతుంది. ఒళ్లు వంచి పనిచేస్తే ఎండలో గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు, అలాంటి రోజు 4 లీటర్లు కూడా చాలకపోవచ్చు. ఫ్యాన్ కింద కూర్చుని పనిచేసే రోజుకు అదే అంకె పట్టుకోవడంలో అర్థం లేదు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు. ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే చాలట్లేదు. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే ఆ రంగును నమ్మకండి.

ఆయన విషయంలో నన్ను నిజంగా కంగారు పెట్టేది సాయంత్రం వరస సీసాలు. మూత్రపిండాలు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా మాత్రమే బయటికి పంపగలవు. అంతకంటే వేగంగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. దారి పొడవునా అతిగా తాగడమే ముఖ్య కారణం. మీవారు పరుగెత్తడం లేదు, నిజమే. కానీ ఆయన నీరు తీసే మాత్ర వేసుకుంటున్నారు. మాత్రల అట్ట తిప్పి పేరు చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ వీటిలో ఏదైనా ఉంటే, సోడియం తగ్గడానికి అదొక్కటే చాలు. దాని మీద ఈ సీసాలు. తలనొప్పి, వికారం, మగత, మాట తడబడటం కనిపిస్తే అది నీళ్లు చాలక కాదు, ఎక్కువై కావచ్చు. సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు ఈ మధ్య చేయించకపోయుంటే చేయించండి. పొటాషియం అటూ ఇటూ అయితే గుండె లయ తప్పుతుంది. నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు అది తెలిసిన ముప్పే.

పడుకునేముందు గ్లాసు నీళ్ల కథ ఫోన్లలో ఏళ్లుగా తిరుగుతున్నదే. గుండెపోట్లు తెల్లవారుజాము దాటాక, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తాయన్నది నిజం. ఆ వేళకు ఒంట్లో కార్టిసోల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, బీపీ లేస్తుంది, ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం హెచ్చుతుంది. రాత్రి తాగిన గ్లాసు నీళ్లు వీటిలో దేన్నీ ఆపలేవు. దాహమైతే తాగనివ్వండి, తప్పేం లేదు. కాకపోతే యాభై దాటిన మగవాళ్లకు రాత్రి రెండుసార్లు లేవాల్సొస్తే నిద్ర పాడవుతుంది, నిద్ర పాడైతే బీపీ కూడా మాట వినదు. గుండెపోటు భయం అంత ఉంటే ఆయన లెక్కపెట్టాల్సింది ఉప్పును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు.

ఇప్పుడు మామయ్యగారు. గుండె పంపింగ్ తగ్గినప్పుడు మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అవి దాన్ని ఒంట్లో నీరు తగ్గినట్టుగా భావించి ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా పట్టేసుకుంటాయి. అలా మిగిలిన నీరు పాదాల్లో వాపుగా, ఊపిరితిత్తుల్లో ఆయాసంగా తేలుతుంది. నీళ్లు తోడలేని మోటారు ఉన్న తొట్టిలోకి పైనుంచి ఇంకో కుళాయి తిప్పినట్టు ఉంటుంది మీవారు చేసే పని. ఆయన ప్రేమతోనే చేస్తున్నారు, అందులో సందేహం లేదు. తండ్రి రాత్రి దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోతే అందులో తన గ్లాసుల వాటా కూడా ఉండొచ్చని ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో మామయ్యగారి బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, నీరు. వాపు కనబడేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. నీళ్ల కొలతకు తేలిక దారి ఒకటుంది. లీటరున్నర నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టండి. ఆయన టీ తాగితే అంత కొలత నీళ్లు ఆ సీసాలోంచి తీసేయండి. చిన్న కప్పుతో తాగడం, నోరు పుక్కిలించి ఉమ్మడం, ఒక ఐసు ముక్క చప్పరించడం దాహానికి పనికొస్తాయి. ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మీవారికి అన్యాయం చేసినట్టవుతుంది. గుండె బలహీనంగా ఉన్నా మందులతో నిలకడగా ఉన్నవాళ్లందరికీ ఈ లీటరున్నర హద్దు అవసరమా అన్న ప్రశ్న డాక్టర్లలోనే ఉంది. నెదర్లాండ్స్‌లో అలాంటి 504 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు లీటరున్నర హద్దు పెట్టి, రెండో జట్టును కావలసినంత తాగనిచ్చారు. 2025లో వచ్చిన ఫలితాల్లో రెండు జట్ల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. హద్దు పెట్టినవాళ్లు దాహంతో ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మామయ్యగారు కూడా నిలకడగా ఉంటే డాక్టర్ ఆ హద్దు కాస్త సడలించవచ్చు. సడలించాల్సింది మాత్రం ఆయన సోడియం, మూత్రపిండాల పరీక్షలు చూసిన డాక్టరే.

ఆయనకు రెండో వైపు ప్రమాదం కూడా ఉంది. వయసు మీదపడ్డాక దాహం సరిగా తెలియదు. 1984లో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు, యువకులకు 24 గంటలు నీళ్లు ఇవ్వకుండా చూస్తే, ఒంట్లో నీరు తగ్గినా వృద్ధులకు దాహం తక్కువగానే వేసింది. విరేచనాలో వాంతులో పట్టుకున్నరోజు, వడగాలి కొట్టిన రోజు ఆయన లీటరున్నర దగ్గరే ఆగి, ఆయనకూ నీరు తీసే మాత్ర ఉండి అది యథాప్రకారం వేసుకుంటే బీపీ పడిపోయి మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. అలాగని అలవాటుగా ఓఆర్ఎస్ కలిపి ఇవ్వకండి, మీవారికి కూడా. లీటరు ఓఆర్ఎస్‌లో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. విరేచనాలప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఎండగా ఉందని రోజూ తాగడానికి కాదు.

వచ్చేసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగండి. మామయ్యగారికి ఇప్పటి పరిస్థితిలో రోజుకు ఎంత తాగొచ్చు, ఎండాకాలంలో అది ఎంత పెంచొచ్చు? బరువు ఎంత పెరిగితే ఫోన్ చేయాలి, ఎంత తగ్గితే చేయాలి? విరేచనాలో వాంతులో వస్తే ఏ మాత్ర ఆపాలి, ఎన్ని రోజులు ఆపాలి? మూడోది మీవారికి కూడా అవసరమే, బీపీ మాత్రల్లో కొన్నిటికి ఇదే వర్తిస్తుంది. జవాబులు ప్రిస్క్రిప్షన్ మీదే రాయించుకోండి. ఆ రోజు మీవారిని కూడా లోపలికి తీసుకెళ్లండి, అంకె డాక్టర్ నోటి నుంచే వింటారు.